తొమ్మిది గుండుసూదులు

జిలానీకి దేశం మీద కోపం వచ్చింది. గోడకు తగిలించిన పటంలో ఒక మూల గుండుసూదులు ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉన్నాయి. ఇంకో మూల చూస్తే వెతికినా ఒక్కటి లేదు. ఆరు వారాలుగా ఆ పటం ముందే తింటున్నాడు, అక్కడే నమాజు చేసుకుంటున్నాడు.

ఒక్కో సూదీ ఒక్కో శాఖ. నంద్యాలలో హకీం పీరాన్ సాహెబ్ కాచే మోకాళ్ల నొప్పుల తైలం నలభై ఏళ్ల కిందట ఒక్క గదిలో మొదలైంది. ఇప్పుడది కంపెనీ అయింది. దేశమంతటా అరవై మూడు శాఖలున్నాయి. పీరాన్ సాహెబ్ సూఫీ గురువు కూడా. దేవుడి దారి చూపించమని వచ్చినవాళ్లకు ఆయన జపమాల ఇచ్చేవారు కాదు. తైలం గిన్నె చేతికిచ్చి, ఎదురుగా కూర్చున్నవారి మోకాలు చూపించేవారు. మూడేళ్లు రాసినా విసుగు పుట్టనివాణ్ణి ఒక శాఖకు పంపేవారు.

ఆ కంపెనీలో ఒక కట్టుబాటు ఉంది. సీసా ఊరికే చేతికివ్వరు. మొదటి పూత శాఖలో ఉన్న మనిషే తన చేత్తో రాయాలి, ఆ తర్వాత నెలకోసారి మోకాలు చూడాలి. కొడుకునో పక్కింటివాణ్ణో పంపితే మందు రాదు. నొప్పి ఎవరిదో వాళ్లే రావాలి.

జిలానీ పదకొండేళ్లుగా ఆయన శిష్యుడు. పని తెలిసినవాడు, ఆ సంగతి తనకూ బాగా తెలిసినవాడు. అస్సాం నుంచీ, హిమాచల్ నుంచీ మాకూ ఒక శాఖ పెట్టండని ఉత్తరాలు వస్తుంటే, ఏది ఎక్కడుందో చూసి ఒక దారి చెప్పమని గురువు అతనికే అప్పగించారు. కొత్త మనుషులు తయారవ్వాలంటే మూడేళ్లు పడుతుంది. ఉన్నవాళ్లనే సర్దాలి.

జిలానీ ప్రతి సూది చుట్టూ కంపాసుతో ఒక సున్నా గీశాడు. రెండు సున్నాలు ఒకదాని మీద ఒకటి పడ్డచోట ఒక శాఖ దండగని తేల్చాడు. దాని సూది తీసి ఎర్ర సూది గుచ్చాడు. అలా తొమ్మిది తేలాయి. ఆ తొమ్మిదిమందినీ తొమ్మిది ఖాళీ చోట్లకు పంపిస్తే దేశమంతటికీ సరిపోతుంది. తొమ్మిది ఉత్తరాలూ రాసి, కవర్లలో పెట్టి జేబులో వేసుకున్నాడు. ఎవరికీ అన్యాయం జరగలేదని తనకు తానే మూడుసార్లు చెప్పుకున్నాడు. మూడుసార్లు ఎందుకు చెప్పుకోవాల్సి వచ్చిందో మాత్రం ఆలోచించలేదు.

సాయంత్రం నమాజయ్యాక గురువును పటం ముందుకు తీసుకొచ్చాడు. ఆయన చాలాసేపు చూశారు. నంద్యాల పక్కనే ఉన్న ఎర్ర సూదిని వేలితో తాకి, అక్కడెవరున్నారని అడిగారు.

గిద్దలూరు శాఖ, మాబాషా చూస్తున్నాడు, అతన్ని అస్సాంలోని సిల్చారుకు పంపుతున్నానని జిలానీ చెప్పాడు. సిల్చారులోనూ మోకాళ్లున్నాయి కదా హజ్రత్ అన్నాడు. ఉన్నాయి, నిజమే అని ఆయన ఒప్పుకున్నారు.

"మరి గిద్దలూరు వాళ్లో?"

"నంద్యాలకు వస్తారు హజ్రత్. ఎంత దూరమని?" జిలానీ పటం మీద బొటనవేలు ఆనించాడు. రెండు సూదులూ ఆ వేలి కిందికే వచ్చాయి. "ఇంతే."

పీరాన్ సాహెబ్ వాదించలేదు. సీసాలు సర్దే పెట్టె నుంచి రెండు సన్నటి చెక్కలు తెప్పించారు. జిలానీని కూర్చోబెట్టి కుడి మోకాలికి అటొకటి ఇటొకటి పెట్టి, పాత గుడ్డతో చుట్టి ముడి వేశారు. మోకాలు వంగడం మానేసింది.

"రేపు గిద్దలూరు పో. అక్కడ బయల్దేరి మొదటి పూతకు ఇక్కడికి రా. కట్టు విప్పకు."

జిలానీ లోపల నవ్వుకున్నాడు. ఒక్కరోజు పనే కదా అనుకున్నాడు.

మర్నాడు బస్సు మొదటి మెట్టు దగ్గరే ఆ నవ్వు పోయింది. వంగని కాలిని ఎలా ఎక్కించాలో తెలియలేదు. వెనకవాళ్లు తోశారు. సీట్లో కాలు పట్టక నడిచే దారిలోకి చాపితే, కండక్టరు వెళ్లిన ప్రతిసారీ కాలు తీయమన్నాడు. తీసి ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం చెప్పలేదు.

గిద్దలూరు శాఖలో మాబాషా అతన్ని చూసి కంగారుగా లేచి తైలం అందుకోబోయాడు. జిలానీ వద్దన్నాడు. జిలానీ జేబులో ఎవరి పేరుతో ఉత్తరం ఉందో మాబాషాకు తెలియదు. గబగబా కుర్చీ తెచ్చి వేశాడు. ఆ కుర్చీలో కూర్చోవడానికి జిలానీకి సిగ్గేసింది.

పక్క బల్ల మీద తిరుపాలమ్మ అనే ముసలావిడ వంతు కోసం కూర్చుని ఉంది. ఊతకర్ర ఒళ్లో పెట్టుకుని అతని కట్టు కేసి చూసి, దెబ్బా నొప్పా అని అడిగింది. ఏం చెప్పాలో తోచక నొప్పే అన్నాడు.

"బస్సు ఎక్కేటప్పుడు మంచికాలు ముందు పెట్టు నాయనా. దిగేటప్పుడు నొప్పికాలు ముందు పెట్టు. నాకు తెలిసేసరికి ఏడాది పట్టింది."

జిలానీ తలూపాడు. ఈ శాఖ లేకపోతే నంద్యాల వస్తావా అవ్వా అని అడిగాడు.

ఆమె నవ్వింది. "మా పల్లె కాడ్నించి రోడ్డు మీదికి రావడానికే పొద్దున లేచి నాలుగుచోట్ల కూసున్యా. నంద్యాల ఉందని నాకు తెలుసు నాయనా. నా మోకాలికి తెలీదు."

మాబాషా ఆమెను పిలిచాడు. కింద కూర్చుని ఆమె పాదం తన తొడ మీద పెట్టుకుని, అరచేతిలో తైలం వెచ్చబరిచి రాయడం మొదలుపెట్టాడు. పదకొండేళ్ల కిందట జిలానీ నేర్చుకున్నదీ ఇదే. ఆరు వారాలుగా అతని చేతికి తైలం అంటలేదు.

తిరుగు బస్సు ఎక్కేటప్పుడు మంచికాలు ముందు పెట్టాడు. నల్లమల ఘాట్‌లో మలుపు మలుపుకీ కాలు అటూ ఇటూ కొట్టుకుంది. మధ్యలో లారీ ఒకటి అడ్డంగా ఆగిపోయింది. అందరూ దిగి చెట్ల నీడకు పోయారు. మళ్లీ ఎక్కడం తలుచుకుని జిలానీ దిగలేదు. రెండు గంటలు సీట్లోనే కాలు చాపుకుని, దాహమేసినా అలాగే కూర్చున్నాడు.

నంద్యాల బస్టాండు నుంచి కుంటుకుంటూ చేరేసరికి శాఖ తలుపు మూసేశారు. సాయంత్రం నమాజు తర్వాత వచ్చినవారు మర్నాడు రావలెను అని బోర్డు ఉంది. ఎర్ర సిరాతో అందంగా రాసి ఉంది. ఆ రాత తనదే.

మర్నాడు పొద్దున వరుసలో పన్నెండోవాడుగా నిలబడ్డాడు. గుర్తుపట్టి ముందుకు రమ్మన్నవాళ్లకు వద్దని చెయ్యి ఊపాడు. వంతు వచ్చేసరికి లోపల పీట మీద పీరాన్ సాహెబే ఉన్నారు. ఆయన శిష్యుడి పాదాన్ని తన తొడ మీదికి తీసుకున్నారు.

"ఎంత దూరముంది?" అన్నారు గురువు.

జిలానీ తన బొటనవేలు చూసుకున్నాడు. దాన్ని పిడికిట్లో దాచుకున్నాడు. జేబులోంచి తొమ్మిది కవర్లూ తీసి పీట పక్కన పెట్టాడు.

ఆయన కవర్ల వైపు చూడలేదు. కట్టు ముడి విప్పబోయారు. జిలానీ ఆ చేతిని పట్టుకున్నాడు.

"ఇంకా ఎనిమిది ఊర్లున్నాయి హజ్రత్, ఈ కట్టుతోనే తిరగాలి. అవయ్యాక సిల్చారు చుట్టూ ఉన్న పల్లెలు."

పీరాన్ సాహెబ్ అతని ముఖంలోకి చూశారు. ముడి మళ్లీ బిగించారు.