తొండకి మిగలని వేడి

ఒకప్పుడు లోకంలో ఏ జంతువు ఒంట్లోనూ వెచ్చదనం లేదు. కోడీ కుక్కా కూడా రాయిలా చల్లగా ఉండేవి. చలికాలం వస్తే ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోవడమే.

చూడలేక సూర్యుడు విందు పెట్టాడు. పెద్ద గంగాళం నిండా వేడి కాచిస్తానన్నాడు. ఒక్క దొన్నెడు తాగితే చాలు, బతికినన్నాళ్ళూ కడుపులో పొయ్యి వెలుగుతూనే ఉంటుంది.

విందంటే చాకిరీ ఉంటుంది కదా. పాము కట్టెలు లాక్కొచ్చింది. కప్ప గంగాళం తోమింది. తొండ పొగకి కళ్ళు మండుతున్నా పొయ్యి ఊది, గరిటె పట్టి వడ్డన కూడా చేసింది. చాకిరీ చేసేవాళ్ళు చివర్న తినాలట. ఎవరు పెట్టారో ఆ పద్ధతి! కూర్చుని తినేవాళ్ళే పెట్టి ఉంటారు.

బంతి మీద బంతి లేచింది. కుక్క మారు అడిగింది. పిచ్చుక అంత చిన్నదీ దొన్నె పొర్లేదాకా పోయించుకుంది. పిల్లి తాగిన చోటే ముడుచుకుని పడుకుంది. మీరు తాగారా అని ఒక్కరూ అడగలేదు.

చివరికి ముగ్గురూ పని ముగించుకుని వచ్చేసరికి గంగాళం ఖాళీ. గీకితే మసి వచ్చింది. ముందు చూస్తే చలికాలం. ఇంక బతికేదెలా అని కప్ప ఏడుపు మొదలుపెట్టింది.

కోడి వెచ్చగా త్రేన్చి, "పోనీలే తొండక్కా, నీ వడ్డన మాత్రం భేషుగ్గా ఉంది" అంది.

ఒంట్లో వేడి లేకపోయినా తొండకి ఒళ్ళు మండింది. సరాసరి సూర్యుడి దగ్గరికి పోయి నిలదీసింది. ఆయన నీళ్ళు నమిలాడు. అందరికీ సరిపోతుందనుకున్నానన్నాడు. ఇలాంటి వంట మళ్ళీ కుదరదన్నాడు. ఈసారికి సర్దుకోమన్నాడు.

"సర్దుకోను" అంది తొండ. "చాకిరీ మాచేత చేయించుకుని మసిగంగాళం చూపిస్తారా? ఇకమీదట కూర్చునేది మేము, వడ్డించేది మీరు. ఒళ్ళు వెచ్చబడేదాకా మీ ఎదుటినుంచి లేవం."

"రోజూనా?" అన్నాడు సూర్యుడు.

"రోజూ."

తప్పు తనది. సరేనన్నాడు.

అప్పటినుంచే తొండ పొద్దున్నే దడెక్కి ఎండలో కూర్చుంటోంది. పాము బండమీద, కప్ప గట్టుమీద. వాళ్ళ కడుపులో పొయ్యి లేదు. చుట్టూ ఎండ కాస్తే ఒళ్ళు వెచ్చన, చలి వేస్తే ఒళ్ళు చల్లన. మబ్బు పట్టిన రోజు చురుగ్గా కదలనే లేరు. తొండ మాత్రం ఊరికే కూర్చోదు. ఆకాశం వైపు చూస్తూ తల పైకీ కిందికీ ఆడిస్తుంది. దండాలు పెడుతోందనుకునేరు. వడ్డించమంటోంది.