జొన్న దాచుకున్న విషం

ఒకప్పుడు లేత జొన్నంత తీయని మేత ఈ భూమ్మీద ఇంకొకటి ఉండేది కాదు. మొలిచిననాడు తీపి, మోకాలెత్తున తీపి, కోతనాడూ తీపి. ఆ తీపే దాని కొంప ముంచింది.

తొలకరికి జొన్న పచ్చగా లేచేది. లేచీ లేవగానే ఆవులు, మేకలు, జింకలు, దేనికి అందితే అది మేసేసేది. కంకి దాకా బతికిన మొక్క ఊరికి ఒకటో రెండో. ఏడాదికేడాది విత్తనం తరిగిపోయింది.

చివరికి జొన్న విత్తనమంటూ సుంకమ్మ ఇంట్లోనే మిగిలింది. అదీ ఒక ఎండు సొరకాయ బుర్రలో, బూడిద కలిపి దాచిన కాసిని గింజలు. సుంకమ్మ ఎండకు ఎండి, కష్టానికి కాగిన అవ్వ. ఆమెకున్నదల్లా ఒక నల్లరేగడి పొలం చెక్క, కర్రోడనే ఒక నల్ల ఎద్దు.

ఆ ఏడు ఒక్క మంచి వాన పడింది. సుంకమ్మ బుర్ర బోర్లించి గింజలన్నీ విత్తేసింది. ఒక్కటీ మిగుల్చుకోలేదు. ఆ తర్వాత మబ్బు ముఖం చాటేసింది.

పైరు జానెడు లేచి అక్కడే నిలబడిపోయింది. ఆకులు మెలితిరిగాయి. అది చాలదన్నట్టు మొవ్వు ఈగ వాలింది. దాని పురుగు తొలిచిన మొక్కకు నడిమి ఆకు ఎండిపోయేది. లాగితే చేతికి ఊడి వచ్చేది. సుంకమ్మ పొద్దున్నే సాళ్ల వెంట నడిచి అలాంటి మొక్కలు పీకి పారేసేది. పీకినప్పుడల్లా మిగిలినవి లెక్కపెట్టుకునేది. ఇంకెన్ని మిగులుతాయి? ఇవీ పోతే ఏం విత్తాలి?

కలుపు మొక్క తుంగకు మాత్రం ఏ బాధా లేదు. సాళ్ల మధ్య ఏపుగా లేచింది.

"ఏం సుంకవ్వా, పీకుతావా? పీకు పీకు! పైన ఒకటి పీకితే కింద నా గడ్డ నలుగురిని కంటుంది" అని నవ్వింది.

"నవ్వవే, నవ్వు! నా కర్రోడు గుంటక లాగాడంటే నీ పళ్లు రాలతాయి" అంది సుంకమ్మ.

అన్నట్టే గుంటక కట్టింది. గుంటక ఇనుప పలక సాళ్ల మధ్య కలుపును వేళ్లతో సహా కోసుకుంటూ పోతుంది. పైరు కొరకకుండా ఎద్దు మూతికి చిక్కం కట్టింది. చిక్కమంటే నారతో అల్లిన బుట్ట.

రెండు రోజులు లాగాడు కర్రోడు. మూడోరోజు అడుగు తడబడింది. ఇంట్లో గడ్డి లేదు, బయట మేత లేదు. డొక్కలు వీపుకు అంటుకున్నాయి. చిక్కంలోంచి చొంగ కారుతోంది.

సుంకమ్మ ప్రాణం ఉసూరుమంది. "గట్టున నాలుగు గరిక పోచలున్నాయి, తినురా నాయనా" అని చిక్కం విప్పింది. నీళ్లు తాగుదామని ముంత దగ్గరికి పోయింది.

ముంత ఎత్తి దించేలోగా కర్రోడు పైరులో ఉన్నాడు! నాలుగు సాళ్లు నున్నగా గొరిగేశాడు.

సుంకమ్మ ముల్లుగర్ర ఎత్తింది. కొట్టలేక కింద పడేసింది. "నిన్నని ఏం లాభంరా? నీకు పిడికెడు గడ్డి పెట్టలేనిదాన్ని నేను" అని గట్టున కూలబడి ఏడ్చింది.

అప్పుడు మిగిలిన జొన్న నోరు విప్పింది. "రేగడితల్లీ! ఈ ఏడుతో నా వంశం అంతం. నన్ను కాపాడవా?"

"నా కడుపులో విషముంది, ఇస్తాను. కానీ నీ కలుపు తీసేది ఆ ఎద్దే. అది చస్తే తుంగ నిన్ను మింగుతుంది. ఆ అవ్వనే అడుగు" అంది రేగడి.

"అవ్వా, నీకు ఎద్దు కావాలా, విత్తనం కావాలా?" అని అడిగింది జొన్న.

సుంకమ్మకు ఒళ్లు మండింది. "ఎవరే నువ్వు, నా రెండు కళ్లలో ఒకటి ఏరుకోమనడానికి? ఎద్దు లేనిదే విత్తేదెట్లా? విత్తనం లేనిదే ఎద్దు ఏం తిని బతుకుతుంది? విషం పెట్టుకుంటే పెట్టుకో. లేతగా ఉన్నన్నాళ్లే. కంకి వేసి గింజ గట్టిపడ్డాక వదిలెయ్యాలి. నీ చొప్ప నా ఎద్దుకు తీయగా ఉండాలి."

"వాన ఎగ్గొడితే?"

"ఎగ్గొడితే..." సుంకమ్మ కర్రోడి వైపు చూసింది. "అప్పుడు ఇంకాస్త ఎక్కువ పెట్టుకో. నా ఎద్దును నేను కాచుకుంటా."

"సరే అవ్వా" అంది జొన్న. రేగడి కడుపులోంచి విషం వేళ్లలోకి, వేళ్లలోంచి ఆకుల్లోకి పాకింది.

మర్నాడు పొద్దు పొడిచేసరికి కర్రోడు పలుపు తెంపుకున్నాడు. నిన్నటి తీపి నాలుక మీదే ఉంది మరి! సుంకమ్మ గుండెలు బాదుకుంటూ పరుగెత్తింది. "ఒరే కర్రోడా, ఆగరా! నిన్నటి జొన్న కాదురా అది!"

అప్పటికే ఒక్క కబళం నోట్లో పడింది. కర్రోడి కాళ్లు వణికాయి. నోట నురగ వచ్చింది. దబ్బున పడ్డాడు. సుంకమ్మ వాడి దవడలు విడదీసి, మోచేతిదాకా చెయ్యి పెట్టి, ఉన్న ఆకంతా బయటికి లాగింది. వాడి తల ఒళ్లో పెట్టుకుని, ఎండ నడినెత్తికి వచ్చినా కదలలేదు. తుంగ కూడా నవ్వడం మానేసింది.

పొద్దు వాలుతుండగా కర్రోడు ఊపిరి గట్టిగా వదిలాడు. ముందుకాళ్లు మోపి, తూలుతూ లేచాడు. లేచినవాడు లేచినట్టే మళ్లీ పైరువైపు మూతి చాపాడు!

అప్పుడు తెలిసింది సుంకమ్మకు తను చేసిన తప్పు. ఒప్పందం జొన్నతో చేసుకుంది, రేగడి సాక్షిగా చేసుకుంది. ఎద్దును మాత్రం ఎవరూ అడగలేదు. ఎద్దుకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఆకలి వినదు.

ఆమె గబగబా చిక్కం తెచ్చి వాడి మూతికి బిగించింది. కర్రోడు తేరుకుని మిగతా కలుపూ తీశాడు; నేలలో మిగిలిన తడితోనే ఆ ఏడు జొన్న కంకి వేసింది. విత్తనాల బుర్ర మళ్లీ నిండింది. చొప్ప చెరకులా తీపెక్కింది. కర్రోడు కడుపారా తిన్నాడు.

అప్పటినుంచే లేత జొన్నలో విషం ఉంటోంది. వాన ఎగ్గొట్టి పైరు గిడసబారిన ఏడు మరీ ఎక్కువ. అంతకుముందు చిక్కం పైరును కాచేది. అప్పటినుంచే అది ఎద్దును కాస్తోంది.