మెత్తబడిన డప్పు

వెనకటికి ఒక రాజుగారు కాలువ తవ్విస్తూ, పని చూడమని కేశవరాయుణ్ణి పెట్టారు. వానల్లోపు పూర్తికాకపోతే ఉద్యోగం ఊడుతుందని రాయుడికి బెంగ. అందుకని డప్పు మోగినంతసేపూ పార ఆగకూడదని హుకుం వేసి, పొద్దస్తమానం పోశాలు అనేవాడి చేత డప్పు కొట్టించేవాడు. మధ్యాహ్నానికే కూలీల చేతులు వాలిపోయేవి.

"అలిసిపోయారు దొరా, కాసేపు ఆపుదాం," అన్నాడు పోశాలు. రాయుడు కసిరాడు.

మర్నాడు డప్పు మొద్దుగా పలికింది. "చర్మం మెత్తబడింది దొరా, మంట దగ్గర కాచాలి," అన్నాడు పోశాలు. రాయుడికి ఒప్పుకోక తప్పలేదు. అది కాగేలోపు కూలీలు అంబలి తాగి నడుం వాల్చారు. డప్పు మళ్లీ ఖంగుమనగానే పారలు చకచకా ఆడాయి. సాయంత్రానికి తవ్వకం ఎప్పటికన్నా రెండు బారలు ఎక్కువ తేలింది. ఆపైన రోజూ ఇదే వరస.

ఆ మంటలో ఏం మహిమ ఉందో తేల్చుకోవాలని రాయుడు ఒకనాడు తుమ్మచెట్టు చాటున నక్కి చూశాడు. పోశాలు చెంబుతో డప్పు మీద నీళ్లు పోస్తున్నాడు.

"నువ్వే తడిపి నువ్వే కాస్తున్నావా?" అని నిలదీశాడు.

"అవును దొరా. మనుషులు అలిసిపోయారంటే మీరు వినలేదు. డప్పు అలిసిందంటే విన్నారు."

రాయుడు కాలువలోని కూలీల వైపు చూశాడు. తర్వాత చెంబు అందుకుని, మిగిలిన నీళ్లు తనే పోశాడు.