మండువాలో నిలిచిన నీళ్లు

అనగనగా, దేవుళ్లకంటే జోస్యులే ఎక్కువగా మాట్లాడే ఒక పట్టణంలో సుగుప్తుడనే వర్తకుడు ఉండేవాడు. అతని కొడుకు రోజూ ఏట్లో ఈదేవాడు. మూడేళ్ల కూతురు చారుమతికి మాత్రం జలగండం ఉందన్నాడు జోస్యుడు. గండాలకు ఆడపిల్లల గుమ్మమే బాగా తెలుసు కాబోలు!

"అయిదేళ్లు నిండేదాకా పిల్లను నీళ్ల దగ్గరికి పోనివ్వకండి," అన్నాడు.

ఆనాటి నుంచి పాపకు స్నానం లేదు, తడిగుడ్డతో తుడవడమే. నీళ్లు ఎటునుంచైనా వస్తాయేమోనని, మండువాలో పడే వాన బయటికి పోయే తూమును కూడా సుగుప్తుడు సున్నంతో మూయించాడు.

"నా మాట దాటావో, పిల్లను మా అమ్మ ఊరికి పంపేస్తాను. మళ్లీ నీ కంటికి కనపడదు," అని భార్య విరజను బెదిరించాడు.

చినుకు మీద పడినా పాప కెవ్వుమనేది. ఈ భయమే దీనికి గండం అనుకుంది విరజ.

ఒకనాటి మధ్యాహ్నం తలుపు గడియ పెట్టి, ఇత్తడి పళ్లెంలో వేలెడు లోతు నీళ్లు పోసి మల్లెలు వదిలింది. పాప ఏడ్చింది. ఏడుస్తూనే ఒక మల్లెను గరిటెతో పట్టింది. బయట అడుగుల చప్పుడు! విరజ ఊపిరి బిగబట్టింది. ఆ అడుగులు గుమ్మం దాటి వెళ్లిపోయాయి.

రెండో రోజు గిన్నెలోంచి చెంబులోకి, చెంబులోంచి గిన్నెలోకి నీళ్ల ఆట.

"లోపల ఆ చప్పుడేమిటే?" భర్త గొంతు.

"మజ్జిగ చిలుకుతున్నానండీ!"

మూడో రోజు కుండపోత వాన. విరజ పాపను ఒడిలో పట్టుకుని గంగాళంలో బుడగలు ఊదిస్తోంది. మూతి ముంచి బుడగలు, తల ఎత్తి ఊపిరి. మళ్లీ బుడగలు, మళ్లీ ఊపిరి. తలుపు దడదడలాడింది.

"నాన్నా, బుడగలూ! నువ్వూ ఊదు!" అని కేక పెట్టింది పాప.

సుగుప్తుడు ఒక్క తోపుతో లోపలికొచ్చాడు. వెనకే జోస్యుడు.

"పిల్లను మా అమ్మ ఊరికి పంపాలి, పల్లకీ తెండి!" అంటూ సుగుప్తుడు పాపను లాక్కుని మండువా అంచున పరుగెత్తాడు. తడిరాయి మీద కాలు జారింది. పోయే దారి లేక మోకాటిలోతు నిలిచిన వాననీళ్లలో పాప దబ్బున పడింది.

సుగుప్తుడు స్తంభాన్ని కరచుకుని, "అయ్యో, ఎవరైనా రండి!" అని అరిచాడు. జోస్యుడు ఉయ్యాలబల్ల ఎక్కి, "ముందే చెప్పానా!" అన్నాడు.

విరజ దూకింది. నీళ్లలోంచి బుడగలు లేచాయి. వాటి వెనకే చిన్న ముఖం లేచి ఊపిరి తీసుకుంది. తల్లి ఒడిసి పట్టి గుండెకు హత్తుకుంది.

పాప దగ్గి, కళ్లు తుడుచుకుంది. "అమ్మా, ఎంత పెద్ద పళ్లెమో!"

విరజ పాపను చంకనేసుకుని మండువాలోంచి పైకెక్కింది. భర్త వైపు తిరిగింది.

"పల్లకీ వచ్చినట్టుంది. జోస్యులవారిని ఎక్కించి పంపండి. తర్వాత ఆ తూము తెరవండి."

సుగుప్తుడు గునపం అందుకున్నాడు.

పిల్లలను కాపాడేది భయపెట్టే నోరు కాదు, పక్కనే ఉండి ఆడించే చెయ్యి.