నీటిబల్లుల పళ్ళు వేరువేరుగా ఎందుకున్నాయి?

ఒకప్పుడు, సముద్రంలో ఇంకా తిమింగలాలు పుట్టని కాలంలో, నీళ్ళలో ఈదుతూ బతికే పెద్దపెద్ద నీటిబల్లులందరి పళ్ళూ ఒకేలా ఉండేవి. నున్నగా, తెల్లగా, బియ్యపు గింజల్లా. ఊడితే ఊడాయి, మళ్ళీ మొలిచేవి. కింద పడ్డవాటిని ఎవరూ తిరిగి చూసేవారు కాదు. సముద్రం అడుగున పడుకున్న బురద మామ్మ ఒక్కతే వాటిని ఒళ్ళో దాచుకునేది.

ఒక పొద్దున్న సుడిగవ్వ తాత ఇల్లు, అంటే అతని ఒంటిమీది గవ్వ, సగం పగిలి కనిపించింది. తాత మిగిలిన సగంలో నక్కి బతికాడు గానీ, కొట్టిందెవరో చూడలేదు. ముక్కల మధ్య ఒక నీటిబల్లి పన్ను దొరికింది గానీ, అందరివీ ఒకేలా ఉండటంతో అది ఎవరిదో తేలలేదు.

అందరూ పొడుగుమెడ నీటిబల్లి నూకాలు వైపే చూశారు. నిజం చెప్పాలంటే, ఎప్పుడో పక్కవాళ్ళ చేపను ఎత్తుకుపోయిన పేరు ఆమెకుంది.

"అంత మెడ ఉన్నదానికి అందని ఇల్లేముంటుంది?" అన్నాడు ఇంకో నీటిబల్లి, లావుపాటి బండోడు.

వచ్చే పోటుకల్లా ఒడ్డువార వెచ్చని నీళ్ళు వదిలి నడిసముద్రంలోకి పొమ్మని పెద్దలు నూకాలుకి తీర్పు చెప్పారు. ఆమె కడుపులో బిడ్డ ఉంది. చన్నీళ్ళలో పుడితే బతకదు.

నూకాలు గబగబా బురద మామ్మ దగ్గరికి దిగింది. చేప సంగతి ఒప్పుకుంది. గవ్వ సంగతి మాత్రం కాదని ఒట్టేసింది.

"నమ్మాను లేవే. కానీ నా ఒళ్ళో ఇన్ని పళ్ళున్నాయి, ఏది ఎవరిదో నాకే తెలీదు. సాక్ష్యం ఎలా చెప్పనూ?" అంది మామ్మ.

అందుకని ఇకమీదట నోరు చేసే పనిని బట్టే పన్ను మొలవాలని సముద్రాన్ని అడిగింది. సముద్రం సరేనంది.

పోటు వచ్చేసరికి అందరికీ పాత పళ్ళు రాలి కొత్తవి మొలిచాయి. నూకాలువి సన్నగా, కొసదేరి ఉన్నాయి. జారిపోయే చేపను పట్టుకోవడానికి వాటి నిండా సన్నని గీతలు.

"ఇవేం పళ్ళే, దువ్వెన మింగావా?" అని బండోడు పగలబడి నవ్వాడు.

నవ్వితే నోరు తెరుచుకుంటుంది కదా. లోపల పళ్ళన్నీ కుంకుడు గింజల్లా గుండ్రంగా ఉన్నాయి.

"చేపను పట్టే పన్ను కాదురా అది, పగలగొట్టే పన్ను. ఎన్ని ఇళ్ళు కొరికితే అంత గుండ్రన వచ్చింది?" అన్నాడు సుడిగవ్వ తాత.

బండోడు చప్పున నోరు మూశాడు. కానీ అందరూ చూసేశారు. ఆకలికి ఆగలేకపోయానని గొణుక్కుంటూ నడిసముద్రం దారి పట్టాడు.

నూకాలు వెచ్చని నీళ్ళలోనే హాయిగా బిడ్డను కంది.

రానురాను బురద మామ్మ ముసలిదై రాయిగా మారింది. ఒళ్ళో పళ్ళు మాత్రం వదల్లేదు. ఇప్పుడు పాతకాలపు జీవుల జాడ వెతుకుతూ ఆ రాతిని మెల్లగా పొడి చేసి జల్లెడ పట్టేవాళ్ళు, గింజంత పన్ను దొరికితే అరచేతిలో తిప్పి చూస్తారు. సన్నని గీతలుంటే చేపలు పట్టిన నోరు, గుండ్రంగా ఉంటే గవ్వలు కొరికిన నోరు.

అప్పటినుంచే, ఒళ్ళంతా మట్టిలో కలిసిపోయినా, పన్ను ఒక్కటి మాత్రం తనది ఏ నోరో చెబుతూనే ఉంది.