దుబాసీ గారి ష్యూర్

“మాణిక్యం, ఎక్కడున్నావే? ఆకు చుట్టు” అని సభలోంచి కేకేశారు కొమ్మెరపూడి రాజావారు.

మాణిక్యం తాంబూలం పళ్ళెంతో పరుగున వచ్చింది. కళ్ళు మాత్రం గుమ్మం దగ్గర చేతులు కట్టుకు నిలబడ్డ మావటి పోలినాయుడి మీదే ఉన్నాయి. ఆ గిరజాలు చూస్తే చాలు, చేతిలో తమలపాకు కూడా సిగ్గుపడుతున్నట్టుండేది ఆమెకి.

సాయంత్రం కలెక్టరు దొర వస్తాడు. రాజావారు ఏనుగెక్కి ఎదురెళ్ళాలని ముచ్చటపడ్డారు. ఏనుగుకి ఇంకా మదం దిగలేదు, వద్దన్నాడు పోలినాయుడు.

“నువ్వేమంటావు?” అని, దొరల మాటలు తెలుగు చేసి చెప్పే దుబాసీ తాండవమూర్తిని అడిగారు రాజావారు.

“ష్యూర్, మహాప్రభూ. ఏనుగు ఆవులా ఉంది.”

మొన్న వానలు పడతాయా అంటే ష్యూర్ అన్నాడు. రాణీగారికి కొడుకేనా అన్నా ష్యూరే. వాన పడలేదు, కూతురు పుట్టింది. అయినా అది ఇంగ్లీషు మాట కాబట్టి దాని పరువు చెక్కు చెదరలేదు.

“అసలా మాటకి అర్థమేమిటయ్యా?”

దుబాసీ తలపాగా సర్దుకున్నాడు. “నిశ్చయం అని ఒక అర్థం, ‘అలాగే, తప్పకుండా’ అని ఇంకోటి. పుట్టింది రోమాపురిలో ప్రభూ. అక్కడ దిగులు లేకుండా అని అర్థం. ఫ్రెంచివాళ్ళ నోళ్ళలో నలిగి, అరిగి, లండను చేరేసరికి ష్యూర్ అయింది.”

“విన్నావా, పోలినాయుడూ? ఈయనకి లేని దిగులు నీకెందుకు? ఇక నీ కొలువు చాలు, మూట కట్టుకో.”

మాణిక్యం ఆకు చుట్టి, ఆనవాయితీ ప్రకారం అంచు తుంపి ముందు తను నమిలి, తర్వాత రాజావారికి అందించింది.

“ఏలినవారూ, ఆకు మంచిదని చెప్పేది నేను గనక ముందు నేను నమిలాను. పాలు మంచివన్న వంటాయన ముందు తను గుక్క తాగుతాడు. మరి ఏనుగు మంచిదన్నది దుబాసీ గారు గదా.”

రాజావారు నమలడం ఆపారు.

“నిజమే. దివాణం ఆనవాయితీ తప్పకూడదు. తాండవమూర్తీ, ముందు నువ్వెక్కి కోట చుట్టూ ఓసారి తిరిగిరా.”

గజశాలలో ఏనుగు గొలుసు గుంజుతూ ఘీంకరించింది. దుబాసీ నడుం నొప్పన్నాడు, ఇవాళ వర్జ్యం అన్నాడు, ఇంట్లో తద్దినం అన్నాడు. చెమటకి తలపాగా తడిసిపోయింది.

మాణిక్యం ఎంతో వినయంగా అంది:

“అంత దిగులెందుకండీ, మీ మాట పుట్టిందే దిగులు లేకుండా గదా.”

సభ గొల్లున నవ్వింది.

“ష్యూరా, కాదా?” అన్నారు రాజావారు.

“కాదు మహాప్రభూ. ఆ ఏనుగుని నేను చూడనే లేదు.”

రాజావారు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. మావటి కొలువు మావటికే ఉంచి, మెళ్ళో ముత్యాల పేట తీసి మాణిక్యం పళ్ళెంలో వేశారు.

“మావటి కోసం ఇంత తెగించావు. వాడంటే ఇష్టమేమిటే?”

మాణిక్యం గుమ్మం వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది.

“ఇష్టమేనండి. ష్యూర్ అని మాత్రం అనలేను. అతనేమంటాడోనని ఒకటే దిగులు.”