మునగాకు సొన

పూర్వం ఒక రాజుగారి కోళ్లను సాకే సుంకులమ్మను భటులు సభలోకి ఈడ్చుకొచ్చారు. ఆ ఉదయం రాజుగారికి వడ్డించిన గుడ్డులో సొన ఎర్రగా ఉందట.

"కోళ్ల మేతకు వారానికో బస్తా జొన్నలు పంపుతున్నాను ప్రభూ! ఇది మేతలో విషమేదో కలిపింది," అన్నాడు ధాన్యాగారం అధికారి కొండభూపతి.

"తల తీయించనా?" అన్నాడు రాజు.

సుంకులమ్మ చేతులు జోడించింది. "విషం కాదు ప్రభూ, మునగాకు పొడి. ఏడాదిగా నాకు జొన్నగింజ అందలేదు. కోళ్లు చచ్చిపోతాయని ఆకు నీడన ఎండబెట్టి, దంచి, తవుడులో కలిపి పెట్టాను. గుడ్లు తగ్గలేదు. సొనకు రంగొచ్చిందంతే."

"పచ్చి అబద్ధం!" అని అధికారి గర్జించాడు.

ఆమె కళ్లు మూసుకుని అంది: "గింజలు తినే కోడి కాలితో కెలికి నాలుగు గింజలు కంచె అవతలికి చిమ్ముతుంది. వానలు పడి పది రోజులైంది. నా కంచె చుట్టూ ఒక్క జొన్న మొలక కనిపించినా నా తల తీయండి."

భటులు వెతికొచ్చారు. ఒక్కటీ లేదు.

"మరి నా జొన్నలు ఏమయ్యాయి?" అన్నాడు రాజు.

"చెప్పాలంటే భయం ప్రభూ. మొలకలు ఎక్కడున్నాయో చూడమనండి."

భటులు మళ్లీ వెతికితే, కొండభూపతి పెరట్లో, బస్తాలు దించిన చోట, జొన్న గుబురుగా మొలిచి ఉంది. అతణ్ణి చెరసాలకు తీసుకుపోయారు.

సుంకులమ్మ ఇంటికెళ్లి, తలుపు గడియ పెట్టుకుని, అప్పుడు ఏడ్చింది.